తెర వెనక నాలుగు అడుగులు

మా ఊళ్ళో బొమ్మలు మూడేళ్ళు మాట్లాడాయి. 1907 చలికాలం నుంచి 1910 మే నెల దాకా, పిట్స్‌బర్గ్ దగ్గర, పింగాణీ బట్టీల ఊరు ఈస్ట్ లివర్‌పూల్‌లో, జ్యూయెల్ అనే మూగ సినిమా బొమ్మల హాల్లో. ఐదు సెంట్లు ఇచ్చి బెంచీ మీద కూచుంటే చాలు, తెర మీద ఆడమనిషి ఏడుపు వినిపించేది, మగవాడి బెదిరింపు వినిపించేది, వానా గుర్రాలూ వినిపించేవి. తెర పక్కన నిలువెత్తు ఇత్తడి బాకా ఒకటి నిలబెట్టి, దాని వెనక నల్లగుడ్డ కప్పిన పెద్ద పెట్టె పెట్టి, "రీమర్ గారి మాట్లాడే యంత్రం" అని బోర్డు రాయించాడు హాలు యజమాని గుస్టావ్ రీమర్. ఆ పెట్టెలో ఏముండేదో నాకు తెలుసు. బంగాళాదుంపలు. చలికి పాడవకుండా రీమర్ భార్య అందులో దాచుకునేది.

మాట్లాడింది వీనీ. పూర్తి పేరు లవీనియా హార్క్‌నెస్. గుర్రాలూ వానా ఉరుములూ మాత్రం నేను. నా పేరు కేలబ్ ఫోర్‌డైస్. సర్కస్ బ్యాండులో డ్రమ్ము కొట్టి, అది మూతపడ్డాక పింగాణీ బట్టీలో చేరి, అక్కడి దుమ్ము ఛాతీలో చేరాక రీమర్ దగ్గరికి వచ్చి పడ్డాను. ఈ ఊరి పెద్దవాళ్ళు ఇప్పటికీ "పాపం ఆ చెవిటి వీనీ" అంటారు. అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నోరు మూసుకుని ఊరుకోవాల్సిన కారణం పోయినేడు పోయింది కనక ఇప్పుడు రాస్తున్నాను.

వీనీ ఒకప్పుడు ఊరూరా తిరిగే నాటకాల బృందంలో ఉండేది. ఇరవయ్యారో ఏట మశూచి పోసింది. ప్రాణం దక్కింది, ముఖం దక్కలేదు. బృందం ఆవిడని ఆస్పత్రిలో వదిలేసి పై ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత ఎక్కడెక్కడో అంట్లు తోమి, చివరికి జ్యూయెల్‌లో ఊడ్చే పనికి వచ్చింది. చీపురు పట్టుకుని ఖాళీ బెంచీలకి పాత నాటకాల మాటలు చెప్పుకుంటూ ఉంటే రీమర్ విన్నాడు. ఆడగొంతు, ముసలి గొంతు, తాగుబోతు గొంతు, పసిపిల్ల గొంతు, అన్నీ ఒక్క మనిషి నోట్లోంచి.

ఆరోజు నేను అక్కడే విరిగిన బెంచీకి మేకులు కొడుతున్నాను. రీమర్ ఏం మాట్లాడాడో మాటకి మాట గుర్తుంది.

"నీ ముఖం చూడ్డానికి ఐదు సెంట్లు ఎవరిస్తారమ్మా? గొంతుకైతే ఇస్తారు. కానీ ఆ గొంతు నీదని ఎవరికీ తెలీకూడదు."

"అంటే?"

"అంటే, ఊళ్ళో నోరు విప్పకూడదు. పొద్దున కసాయి కొట్లో అరపౌను మాంసం ఇమ్మని అడిగావనుకో, సాయంత్రం అదే గొంతు రాణీగారి నోట్లోంచి వస్తే కనిపెట్టలేనంత వెర్రివాళ్ళా జనం? ఇవాళ్టి నుంచి నువ్వు మూగదానివి. మూగవాళ్ళకి చెవుడు కూడా ఉంటుంది. రెండూ పెట్టేసుకో, ఏ అనుమానం రాదు."

ఎవరైనా ఆ మాటకి చీపురు వాడి ముఖాన కొట్టి పోతారు. వీనీ చీపురు గోడకి ఆనించి, "సరే" అంది. అంతే. ఆ "సరే" ఎందుకన్నావని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "వేదికంటే వేదికే కదయ్యా. ముందైతేనేం, వెనకైతేనేం" అనేది.

ఆ వెనక ఎలా ఉండేదో చెబుతాను. తెరకీ ఇటుక గోడకీ మధ్య నాలుగడుగులు. గోడకి తలుపు లేదు, కిటికీ లేదు. లోపలికి పోవాలంటే వేదిక కింద చిన్న తలుపులోంచి మోచేతుల మీద పాకాలి. ఒకసారి ఎవడో తాగుబోతు ఆ తలుపు లాగి చూడబోయాడని, అప్పట్నుంచి మేం లోపలికి వెళ్ళగానే రీమర్ బయట గడియ పెట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి పెడితే ఆరింటికి తీసేవాడు. మళ్ళీ ఏడింటికి పెట్టేవాడు. దీపం వెలిగించకూడదు, తెర మీద మా నీడలు పడతాయి. దగ్గకూడదు. ఎండాకాలం ఆ ఇటుకలు కాలిపోయేవి. మిగతా అవసరాల సంగతి అడక్కండి.

బొమ్మ మాకు తిరగబడి కనిపించేది. తెర మీద కుడిచేత్తో తుపాకీ పట్టినవాడు మాకు ఎడమచేతి వాటం మనిషి. మధ్యమధ్య వచ్చే అక్షరాలు కూడా వెనక్కి తిరిగి ఉండేవి. మొదట్లో తల తిరిగేది, తర్వాత మాకు అవే సరైనవిగా కనబడేవి. వీనీ ఒకసారి ఊళ్ళో మాటకి బదులు వాడే పలక మీద రొట్టె కావాలని రాయబోయి, అక్షరాలన్నీ తిరగేసి రాసి, తనే చూసుకుని బెదిరిపోయింది.

మాట్లాడుకోవాలంటే గుసగుసలే. రీలు మార్చేటప్పుడు రీమర్ భార్య పియానో గట్టిగా వాయించేది, ఆ మూడు నిమిషాలే మావి. నా పక్కన భుజం తగిలేంత దగ్గర కూచున్న మనిషి గుసగుస విన్నాను, రాణి గొంతు విన్నాను, దొంగ గొంతు విన్నాను. ఆవిడ సొంత గొంతు ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలీదు. ఒకసారి అడిగాను కూడా.

"నీ మామూలు గొంతేదీ, ఒక్కసారి వినిపించవూ?"

"ఏమో కేలబ్. నాటకాల్లో చేరకముందు ఉండేది. ఎక్కడ పెట్టానో" అంది.

నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

ఆవిడకి నా మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, నా గుర్రం. కొబ్బరి చిప్పలు రెండు చెక్క మీద కొట్టి గుర్రం పరుగు వినిపించేవాణ్ణి. జనం మెచ్చుకునేవాళ్ళు. వీనీ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "నీ గుర్రానికి ఒక కాలు పొట్టిదనుకుంటానయ్యా" అనేది. "పాపం, మేత వేశావా?" అనేది. "ఇది గుర్రమా, మెట్లు దిగుతున్న ముసలాయనా?" అనేది. మూడేళ్ళు కొట్టాను, ఒక్కనాడు బాగుందనలేదు.

ఇక పగలు ఊళ్ళో ఆవిడ బతుకు. మెడలో పలక, చేతిలో సంచి. కసాయివాడు మంచి ముక్క పక్కన పెట్టి బొమికలు తూచేవాడు, "ఈ గుంటల ముఖానికి ఇది చాల్లే" అని ఆవిడ ముందే అనేవాడు. వింటూ చిరునవ్వు నవ్వాలి. గంట మోగితే తిరక్కూడదు. వీధిలో పసిపిల్ల కింద పడి ఏడ్చినా, కంట పడేదాకా కదలకూడదు. పొద్దున అదీ, మధ్యాహ్నం నాలుగడుగుల చీకటీ. ఏది ఎక్కువ ఇరుకో చెప్పలేను.

ఆవిడతో మనిషిలా మెలిగింది రొట్టెల కొట్టు మిసెస్ కేగీ ఒక్కతే. థర్జా కేగీకి అప్పుడు యాభై ఏళ్ళు, భారీ మనిషి, మొగుడు పోయాడు. వీనీ వెళ్ళగానే స్టూలు లాగి కూచోబెట్టి, వేడి రొట్టె చివర తుంచి వెన్న రాసి చేతిలో పెట్టేది. పెట్టి, మాట్లాడేది. చెవిటి మనిషి కదా అని మనసులో ఉన్నదంతా పోసేది. రోజూ అరగంట. పిండి పిసుకుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఒక్కోసారి నవ్వుతూ.

"ఏం చెబుతుంది?" అని నేను గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి.

"నాకు వినపడదుగా" అనేది వీనీ.

కానీ ఒకసారి చీకట్లో నా చెయ్యి పట్టుకుని, "కేలబ్, ఆవిడకి ఒక్క మాట బదులు చెప్పాలని ఉంటుందయ్యా. 'అందులో మీ తప్పేం లేదండీ' అని ఒక్క మాట. నోటిదాకా వస్తుంది. మింగేస్తాను" అంది. తెర మీద బొమ్మ మొదలైంది, వెంటనే చెయ్యి తీసేసి పదహారేళ్ళ పిల్ల గొంతుతో కిలకిలా నవ్వింది.

ఇక ఆ మే నెల శనివారం.

మా ఇటుక గోడకి అవతల గడ్డి కొట్టం ఉండేది. కప్పులూ సాసర్లూ పీపాల్లో సర్ది రైలెక్కించేటప్పుడు మధ్యలో కూరే గడ్డి అది, పైకప్పు దాకా నిలవ. ఆ మధ్యాహ్నం బొమ్మలో ఒక అమ్మాయిని ఆస్తి కోసం బాబాయి పిండిమర అటక మీద పెట్టి తాళం వేస్తాడు. ఆ పిల్ల తలుపు బాదుతుంది. అప్పటికి అది మూడో ఆట. హాలు నిండా రెండొందల మంది, ఎక్కువ మంది బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు, పిల్లలు.

వీనీ మాట మధ్యలో ఆగింది. ఆవిడ ఎప్పుడూ ఆగదు. నేను తిరిగి చూసేలోగా నాకూ వాసన తగిలింది. ఇటుకల సందుల్లోంచి పొగ సన్నగా దిగుతోంది. గోడ మీద చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాను, కాలింది.

పాక్కుంటూ పోయి తలుపు తోశాను. గడియ. కాళ్ళతో తన్నాను. ధన్, ధన్, ధన్. సరిగ్గా అప్పుడే తెర మీద పిల్ల తలుపు బాదుతోంది. హాల్లో చప్పట్లు మోగాయి.

"తలుపు తియ్యండి! ఎవరైనా తియ్యండి, పొగ వస్తోంది, మేం లోపలున్నాం!" అని వీనీ అరిచింది.

"అబ్బ, ఇవాళ యంత్రానికి నూనె బాగా పట్టించారురా!" అన్నాడు ముందు బెంచీలో ఎవడో. ఈలలు పడ్డాయి.

"ఇది బొమ్మ కాదండీ! నిజంగా! నిజంగా చెబుతున్నా!"

ఇంకా పెద్ద చప్పట్లు. రీమర్ భార్యకి మేం లోపలున్నామని తెలుసు. తెలిసి కూడా, వీనీ కొత్త మాటలు కలుపుతోందనుకుని పియానో మీద ఇంకా విషాదంగా అందుకుంది. ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. వాళ్ళలో మిసెస్ కేగీ వెక్కిళ్ళు నేను గుర్తుపట్టాను. వీనీ ఎంత బాగా అరిస్తే అంత బాగా ఏడుస్తున్నారు. నేను ఉరుముల రేకు బాదాను. దానికీ చప్పట్లే. ఆ క్షణంలో నాకు వాళ్ళందరి పీకలూ పిసకాలనిపించింది.

"మంట, మంట అని అరుస్తా, చూద్దాం ఎందుకు లేవరో" అన్నాను. వీనీ నా నోరు నొక్కేసింది.

"అలా అంటే గుమ్మం దగ్గర తొక్కుకుని చస్తారయ్యా. ఒక్కటే గుమ్మం, అంతమంది పిల్లలు. నీ కత్తి ఇటివ్వు."

తాళ్ళు కోసే చిన్న కత్తి ఉండేది నా దగ్గర. అందుకుని తెరని మధ్యలో నిలువునా చీల్చింది. మూడేళ్ళు మేం ముట్టుకోవడానికి కూడా భయపడ్డ గుడ్డ అది. ఆ చీలికలోంచి తల, భుజాలు బయటపెట్టింది. అటక మీద పిల్ల బొమ్మ ఇంకా ఆడుతూ ఆవిడ గుంటల ముఖం మీద పడుతోంది. హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. పియానో ఆగిపోయింది.

"నేను బొమ్మని కాదు. నా పేరు వీనీ, పొద్దున ఈ హాలు ఊడ్చేది నేనే. వెనక గడ్డి కొట్టం అంటుకుంది. హాల్లోకి ఇంకా రాలేదు, మీకు బోలెడు వ్యవధి ఉంది. చివరి బెంచీల వాళ్ళు ముందు లేవండి. పరిగెత్తకండి. తర్వాత వాళ్ళ ముందు వాళ్ళు. మిసెస్ కేగీ, మీ పక్కనున్న పిల్లల చేతులు పట్టుకోండి."

కొంచెం బొంగురు గొంతు. కొండల మీది పల్లెల్లో మాట చివర సాగదీస్తారే, అలా సాగే గొంతు. అందులో రాణి లేదు, దొంగ లేడు, పసిపిల్ల లేదు. అన్నాళ్ళు పక్కన కూచున్న నేను ఆరోజే మొదటిసారి విన్నాను. పొగలో ఉండి కూడా, చావుకి అంత దగ్గర ఉండి కూడా, నాకు సంతోషం వేసింది. చెబితే నమ్మండి, నమ్మకపోతే మానండి.

జనం లేచారు. ఆవిడ చెప్పినట్టే లేచారు. ఒక్క చెప్పు కూడా వెనక పడలేదు. చివర్న నేను ఆవిడని చీలికలోంచి బయటికి తోసి, నేనూ దూకాను. కాసేపటికి గడ్డి కొట్టం కూలింది. మా గోడ నల్లబడి నిలిచింది. ఎవరికీ ఏం కాలేదు.

వీధిలో జనం గుమిగూడారు. ఎవరో బాకా వెనక పెట్టె బయటికి లాక్కొచ్చి మూత తీశారు. బంగాళాదుంపలు దొర్లాయి. రీమర్ పని అయిపోయిందనుకున్నాను. కానీ జనం కడుపు పట్టుకుని నవ్వారు. "ఓరి వీడి దుంపతెగ, మూడేళ్ళు మనకి దుంపల చేత మాట్లాడించాడు!" అని రీమర్ వీపు మీద చరిచారు. వాడూ వాళ్ళతో కలిసి నవ్వాడు.

వీనీ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. ప్రాణాలు కాపాడిన మనిషి కదా. ఆడవాళ్ళు పక్కకి జరిగి నిలబడి చూస్తున్నారు. కసాయివాడు తల దించుకున్నాడు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మూడేళ్ళుగా ఆవిడ ముందు ఎవరెవరు ఏమేం అన్నారో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకుంటున్నారు.

మిసెస్ కేగీ ముందుకు వచ్చింది. ముఖం పిండి చల్లినట్టు పాలిపోయింది. చూపుడువేలు తన పెదాల మీద పెట్టుకుంది, తర్వాత మెల్లిగా తన చెవి మీద పెట్టుకుంది. మాటొచ్చు, మరి వినపడుతుందా అని అడుగుతున్నట్టు.

చెప్పెయ్, అని నేను మనసులో అనుకున్నాను. అయిపోయింది, నీ గొంతు నీకు దొరికింది, చెప్పెయ్.

వీనీ ఆవిడ కళ్ళలోకి చూసింది. తర్వాత బిగ్గరగా, వంపుల్లేకుండా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. "మాటొచ్చండీ. చెవులే లేవు. మశూచి ముఖంతో పాటు వాటినీ తీసుకుపోయింది. ఏమైనా చెప్పాలంటే పలక మీద రాయండి."

మిసెస్ కేగీ ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. వీనీని గుండెలకి హత్తుకుని భోరున ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్ళు ఊపిరి వదిలారు. అప్పుడొచ్చారు అందరూ, ముద్దులు పెట్టడానికి. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మిసెస్ కేగీ ఆవిడని తన కొట్టు పైగదిలో పెట్టుకుంది, పిండి పనికి కుదుర్చుకుంది. నేను ఎదురు వీధిలో ఇనుప సామాన్ల కొట్లో చేరాను. రెండు రోజులు ఆగి, పెరట్లో పిండి బస్తాల గదిలో వీనీని పట్టుకుని గుసగుసగా తిట్టాను.

"బుద్ధుందా నీకు? రీమర్ పెట్టిన గడియ తప్పించుకుని నీకు నువ్వే ఇంకోటి పెట్టుకుంటావా?"

"ఆవిడ కళ్ళు చూశావా నువ్వు? నేను విన్నానని తెలిస్తే ఆవిడ ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు కేలబ్."

"అంత ఘోరం ఏం చెప్పింది?"

"నాకు వినపడదుగా" అంది మళ్ళీ. ఈసారి నవ్వలేదు.

అలా ఏడేళ్ళు. ఆ బిగ్గర గొంతు కూడా వేషమే. దాన్ని రోజంతా మోసేది. ముందు మూడేళ్ళు తెర వెనకైనా గుసగుసలాడేది, ఇప్పుడు నిద్రలో తప్ప వేషమే. ఆదివారం గుడి గంటలకి కదలదు. వెనక నుంచి పిలిస్తే ఆగదు. మాకు చీకటి లేదు, పియానో లేదు, మూడు నిమిషాలు కూడా లేవు. నలుగురిలో ఆవిడతో మాట్లాడాలంటే నేను కూడా పలక మీద సుద్దతో రాయాలి. "ఇవాళ చలిగా ఉంది" అని రాసి చూపించడానికి ఎంత సిగ్గుగా ఉంటుందో తెలుసా?

ఏటా వసంతం రాగానే పిండి గదిలో అడిగేవాణ్ణి. పెళ్ళి చేసుకుందాం, పిట్స్‌బర్గ్ పోదాం, అక్కడ నిన్నెవరూ ఎరగరు, ఎలా కావాలంటే అలా మాట్లాడు. "చూద్దాంలే" అనేది. ఒక ఏడు, "నేను పోతే ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది?" అంది. ఇంకో ఏడు, "ఎవరూ ఎరగని ఊళ్ళో ఏ గొంతుతో మొదలుపెట్టను? ఆరోజు తెర చింపినప్పుడు వచ్చింది, మళ్ళీ పిలిస్తే రావడం లేదయ్యా" అంది. నేను కోపంగా తలుపు వేసి వచ్చేశాను. ఆ కోపం మళ్ళీ వసంతం దాకా ఉండేది కాదు.

కోపం వచ్చినప్పుడు ఒక పిచ్చి పని చేసేవాణ్ణి. పాత కొబ్బరి చిప్పలు నా కోటు జేబులోనే ఉండేవి. పొద్దున వీనీ రొట్టెల బుట్ట పట్టుకుని కొండవీధి దిగుతుంటే వెనకాలే వెళ్ళి, అరుగు మీద టకటకటకా కొట్టేవాణ్ణి. గుర్రం మీదికి వస్తున్నట్టు. ఎవరైనా ఎగిరి పక్కకి దూకాలి. వీనీ తిరిగేది కాదు. నడక కూడా మార్చేది కాదు. భుజాలు మాత్రం కదిలేవి, లోపల నవ్వుతున్నట్టు. అది చాలు నాకు, కోపం పోయేది. ఏడేళ్ళలో వందసార్లు చేసుంటాను. ఒక్కసారి తిరిగి చూస్తుందేమోనని చేసేవాణ్ణి.

1917 ఫిబ్రవరిలో ఒక పొద్దున కొండవీధి ఇటుకల మీద మంచు అద్దంలా గడ్డకట్టింది. పాలబండి గుర్రం పైనుంచి జారింది. బండితో సహా దిగజారుతూ, నిలదొక్కుకోలేక పరుగందుకుంది. వీనీ వీధి మధ్యలో ఉంది, బుట్టతో, వీపు అటువైపు. వీధంతా అరిచింది. చెవిటి మనిషని తెలిసి కూడా అరిచింది. నేను కొట్లో మేకులు తూస్తున్నాను, నాకా కేకలే వినపడ్డాయి.

"తిరగలేదయ్యా. చివరిదాకా తిరగలేదు. చిత్రం ఏంటంటే నవ్వుతోంది" అన్నాడు పాలవాడు, నన్ను పట్టుకుని. నా చెయ్యి కోటు జేబులోకి పోయింది. చిప్పలు అక్కడే ఉన్నాయి.

డాక్టరు పైగదిలోంచి దిగి తల అడ్డంగా ఊపాడు. మూడు రోజులు ఉంది. మిసెస్ కేగీ మంచం పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని, ఎప్పట్లాగే మాట్లాడుతూనే ఉంది. నేను వస్తే గొంతు తగ్గించేది. మూడో రోజు సాయంత్రం చారు తేవడానికి కిందికి దిగింది. మెట్ల చప్పుడు ఆగగానే వీనీ కళ్ళు తెరిచింది.

"కేలబ్."

గుసగుస కాదు. చెవిటి గొంతు కాదు. ఆ బొంగురు, చివర సాగే గొంతు.

"నేనే, వీనీ. ఎందుకు తిరగలేదే? గుర్రం అంత దగ్గరికి వస్తే ఎందుకు తిరగలేదు?"

"నువ్వే అనుకున్నానయ్యా" అంది. కొంచెం ఊపిరి తీసుకుంది. "ఇన్నాళ్ళకి గుర్రం సరిగ్గా చేశాడు అనుకున్నాను."

తెల్లారేసరికి పోయింది.

ఖననం అయ్యాక నేను తిన్నగా రొట్టెల కొట్టుకి వెళ్ళాను. చెప్పెయ్యాలని వెళ్ళాను. మిసెస్ కేగీ కోసం వీనీ ఏం పోగొట్టుకుందో ముఖం మీద చెప్పి, ఒకసారి ఏడిపించి, అప్పుడు ఇంటికి పోవాలని. మిసెస్ కేగీ పిండి పిసుకుతోంది. పక్కన వీనీ స్టూలు ఖాళీగా ఉంది.

"వీనీకి చెవులు వినపడేవి" అన్నాను.

ఆవిడ చేతులు ఆగలేదు. "తెలుసు" అంది.

ఎప్పట్నుంచని అడిగాను.

"వచ్చిన మూడో నెలకే తెలిసిందయ్యా. ఇక్కడే నిలబడి పిండి పిసికేది కదా. ఊళ్ళో ఎవరికీ చెప్పని నా పిల్ల సంగతి నేను చెప్పేటప్పుడు తన చేతులు ఆగిపోయేవి. చెప్పడం ఆపగానే మళ్ళీ కదిలేవి."

"మరి ఎందుకు చెప్పలేదు ఆవిడకి? ఏడేళ్ళు! ఒక్క మాట అంటే చాలు, మనిషిలా బతికేది!"

అప్పుడు చేతులు ఆగాయి. "అంటే నీతో వెళ్ళిపోదా?" అంది. "పిండి గదిలో నువ్వు అడిగేది కూడా నాకు వినపడేది, కేలబ్. ఆ గోడ ఉత్త చెక్క."

ఆవిణ్ణి కొట్టాలనిపించింది. నిజం చెబుతున్నాను, చెయ్యి లేచింది కూడా. ఆ యాభై తొమ్మిదేళ్ళ మనిషి దెబ్బకి తప్పుకునే ప్రయత్నం చెయ్యలేదు. పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుని, రొట్టె చివర తుంచి, వెన్న రాసి, నా ముందు పెట్టి, ఖాళీ స్టూలు నా వైపు తోసింది.

"కూచో" అంది. "తన గొంతు ఎలా ఉండేది? తెర చింపినప్పుడు ఒక్కసారే విన్నాను, సరిగ్గా గుర్తు లేదు. చెప్పవూ?"

కూచున్నాను. ఆవిడ తప్ప ఆ మాట అడిగేవాళ్ళు నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. పోయినేడు ఆవిడ పోయేదాకా, రోజూ అరగంట, కూచుంటూనే ఉన్నాను.